వంతు మారే పొద్దు

బండి సీటును బోర్లా పడేసి, దాని ఇనుప అడుగు పళ్లకు చిక్కుకున్న పాత రెగ్జిన్ అంచును కొమురయ్య స్క్రూడ్రైవరుతో ఊడబీకుతున్నాడు. తుప్పు రాలి లుంగీ మీద పడుతోంది. లోపలి స్పాంజి వానకు నాని, ఎండకు ఎండి, నిలవ రొట్టెలా పొడిపొడి అవుతోంది. ఊడొచ్చిన ముక్కలను తమ్ముడు లింగం ఇంటి దిక్కుకు విసురుతున్నాడు. ఆ ఇల్లు ఊరి అవతలి కొసన ఉంది. అయినా ఆ దిక్కుకే విసురుతున్నాడు.

"ఆని బస్తాలకు, ఆని పెండ్లాం పిర్రలకు పదునెక్కువ. ఒక్క నెలల సీటంత సింపి ఇచ్చిండు," అన్నాడు, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా.

ఆ రాజ్‌దూత్ బండి వాళ్ల నాయినది. భూమి కంపెనీల కిందికి పోయిన ఏడు కొన్నాడు, మోజు తీరకముందే పోయాడు. పంపకాలప్పుడు అన్నదమ్ములు ఇంటిని చీల్చుకున్నారు, గొడ్లను పంచుకున్నారు. బండినీ, కన్నతల్లి అవ్వనూ చీల్చడం కుదరలేదు. కిరాణం భీమశంకరం సేటు పెద్దమనిషిగా కూచుని తీర్పు చెప్పాడు.

"బండి ఒకనికాడ, అవ్వ ఒకనికాడ. అమాస అమాసకు మార్చుకోండ్రి. అవ్వ వచ్చే ఇంట్ల దీపం పెట్టంగనే వంతు మారినట్టు. ఎవని వంతుల ముసలామె కన్నుమూస్తదో ఆడు కర్మ చెయ్యాలె. బండి ఎన్నటికీ అవతలోనిదే. ఇగ లొల్లి లేదు."

ఊరు తలూపింది. ఆ తీర్పులో తప్పు ఎవరికీ కనబడలేదు.

ఈ నెల బండి కొమురయ్యది. ఈరోజు అమావాస్య. పొద్దుగూకి దీపం పెడితే బండి లింగం చేతికి పోతుంది. అందుకే పొద్దున్నుంచీ ఈ పనిమీద పడ్డాడు. కొత్త స్పాంజిని పాత బ్లేడుతో కోస్తూ వెనక సగాన్ని జానెడు ఎత్తు లేపాడు. ముందుకు వాలు పెట్టాడు. వెనక ఎవరు కూచున్నా జారి నడిపేవాడి వీపుకు కొట్టుకోవాలి. తలలో పూలు పెట్టుకుని, ఊరంతా చూసేటట్టు మొగుడి భుజం మీద చెయ్యేసి పోయే మరదలు విమల ఎట్లా కూచుంటుందో చూడాలని అతని ముచ్చట.

కాజీపల్లి కంపెనీల దిక్కు నుంచి గాలి తిరిగింది. కుళ్లిన గుడ్ల వాసన వాకిట్లోకి వచ్చింది. కొమురయ్యకు అది తెలియలేదు, అతని ఒంటిదీ అదే వాసన. మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించే పని అతనిది. అరచేతుల తోలు ఉల్లిపొరలా లేస్తుంది. ఒకప్పుడు తాను జొన్న చల్లిన చెలక మీదే ఇప్పుడు బాయిలర్ షెడ్డు ఉంది. దాని గేటు దగ్గర వాచ్‌మెన్ అతని టిఫిన్ డబ్బా మూత తీయించి చూస్తాడు. సూపర్‌వైజర్ పేరు పెట్టి పిలవడు, "ఏయ్" అంటాడు. బండి లేని నెల ఆటో వెనక వేలాడి పోతాడు, పలకరించే దిక్కుండదు. బండి ఉన్న నెల మాత్రం చాయ్ హోటల్ వాడు "రా అన్నా, కూసో" అంటాడు. అదే వాచ్‌మెన్ దూరం నుంచే గేటు కర్ర లేపుతాడు. నలభై దాటిన బతుకులో కొమురయ్యకు దక్కిన మర్యాదంతా ఆ సీటు మీద కూచుంటేనే దక్కింది.

రెగ్జిన్‌ను మెత్తబడడానికి ఎండలో పరిచి లేచేసరికి అవ్వ వచ్చింది. దేవమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చంకలో బట్టల మూటతో, అడుగు తీసి అడుగు వేస్తోంది.

"పొద్దు నడినెత్తిన ఉంది, ఇప్పుడే వచ్చినవేందే?" అన్నాడు.

"తమ్ముడు పొమ్మన్నడు బిడ్డా."

"తోల్కరాలే?"

"మూలమలుపు దాక వచ్చిండు. నిన్ను సూడబుద్ది గాలేదట, మర్లిపోయిండు."

కొమురయ్య ఆమె చెయ్యి పట్టి చూశాడు. కాలుతోంది. లింగం లెక్క అతనికి ఇట్టే అర్థమైంది.

"దొంగనాకొడుకు! ఒళ్లు బాగలేదని ముందుగాలనే తోలిండు. కర్మ నా మీద పడాలని!"

గడప మీదికి వచ్చిన అతని భార్య ఇందిరమ్మ, "లోపలికి రా అత్తా," అంది.

"ఏయ్, రానియ్యకు!" కొమురయ్య అడ్డం తిరిగాడు. "గడప దాటితే మన వంతు అయినట్టే. దీపం దాక అరుగు మీదనే కూసోనీ."

ఇందిరమ్మ మొగుణ్ని పైకీ కిందికీ చూసింది. "నీ బండి పాడుగాను," అని లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి, గడప లోపలే నిలబడి చెయ్యి చాచి అత్తకు అందించింది.

దేవమ్మ రెండు గుక్కలు తాగి గోడకు ఆనుకుంది. కొమురయ్య దబ్బనంలో నైలాను దారం ఎక్కించి, అతుకు దగ్గర కుట్టు మొదలుపెట్టాడు. దబ్బనం దిగేటప్పుడు రెగ్జిన్ కిర్రుమంటోంది.

"వెనక గంత ఎత్తెందుకురా?"

"నీ చిన్నకోడలు కూసోకుంట."

"మరి నేనెట్ల కూసోవాలె?"

కొమురయ్య నవ్వాడు. "నువ్వెన్నడన్న ఎక్కినవా?"

"మీరు ఎక్కిచ్చిందెన్నడు?" దేవమ్మ గొంతులో కోపం లేదు. "బండున్న ఇంట్ల నేనుండకపోతి. నేనున్న ఇంట్ల బండుండకపాయె."

అతను దారం గట్టిగా లాగాడు. అది వేలికి కోసుకుంది. వేలు నోట్లో పెట్టుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

నీడలు వాకిలి దాటాయి. ఇనుప అడుగు చుట్టూ రెగ్జిన్ సాగదీసి పళ్లకు తగిలిస్తుంటే, ఒక మూల పడితే ఇంకో మూల ఊడుతోంది. మూడో చెయ్యి కావాలి.

"అవ్వా, జెర గీ కొస ఒత్తు."

పలకలేదు. తలెత్తి చూశాడు. ఆమె పెదవి మీద ఈగ వాలి ఉంది. తోలడం లేదు.

కొమురయ్య లేచి పాదం ముట్టుకున్నాడు. తరువాత ఆకాశం వైపు చూశాడు. ఎరుపు ఇంకా ఆరలేదు. గడప పక్క గూట్లో ఇందిరమ్మ ప్రమిదలో నూనె పోసి ఒత్తి సర్దుతోంది.

"దీపం పెట్టకు," అన్నాడు.

"పొద్దు గుంకింది గదా..." ఆమె అతని భుజం మీదుగా అరుగు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అత్తా!"

"నోర్ముయ్. ఇంకా ఆని వంతే. బండి కోసం ఎట్లయిన వస్తడు. ఆడే వచ్చి చీకటిల్లు కండ్లార సూడాలె."

ఊరిలో ఒక్కో ఇల్లే వెలిగింది. కొమురయ్య మిగిలిన మూలను మోకాలితో నొక్కిపెట్టి తగిలించాడు. అరుగు పక్కనున్న బండికి సీటు ఎక్కించాడు. చీకట్లో తడుముకుంటూ బోల్టులు బిగిస్తుండగా లింగం వచ్చాడు.

"ఏం వదినా, దీపం పెట్టలే?"

"పెట్టలే," అన్నాడు కొమురయ్య. "అవ్వ పోయింది. నీ వంతుల. ఎత్తుకపో."

లింగం వంగి అవ్వ ముఖం చూశాడు. తరువాత జేబులోంచి బీడీల అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసి, గూట్లో దీపం వెలిగించాడు. పుల్లను చూడకుండా వెనక్కి విసిరాడు.

"ఇప్పుడు పెట్టినం."

"అరేయ్! దీపం కన్న ముందుగాలనే పోయిందిరా!"

కేకకు ఎదురింటి అరుగు మీది యాదన్న, అతని వెనక నలుగురు లేచి వచ్చారు. లింగం వాళ్లకు వినబడేట్టు అడిగాడు.

"ముందుగాల పోయిందని నీకెర్కనా? ఎర్కుంటే గింతసేపు ఏం జేస్తున్నవే అన్నా?"

కొమురయ్య చేతిలో ఇంకా పానా ఉంది. అందరూ దానిని చూశారు, ఆ తరువాత బండిని చూశారు. ఇందిరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

తల్లి మీదుగా లింగం చెయ్యి చాచాడు. కొమురయ్య మొలతాడుకు కట్టుకున్న తాళం చెవి విప్పి ఆ చేతిలో పెట్టాడు. ఆపైన ఇద్దరూ చెరోవైపు పట్టి అవ్వను గడప దాటించారు. అప్పటిదాకా అణచుకున్న ఇందిరమ్మ ఏడుపు లోపలినుంచి ఒక్కసారిగా లేచింది. వాకిట్లో ఉన్నవాళ్లంతా ఇంట్లోకి నడిచారు.

బండి వెనక ఎత్తు మీద, కొత్త రెగ్జిన్‌లో కందిగింజంత బొక్క చేసి, సగం కాలిన అగ్గిపుల్ల అక్కడే అతుక్కుని ఉండిపోయింది.