అత్త తాగని నీళ్ళు

కువైట్‌లోని అల్ రాయ్‌లో కారవాన్లు, అంటే బండి వెనక తగిలించే చక్రాల ఇళ్ళు, బాగుచేసే ఆ యార్డుకి ఇప్పుడు యజమానీ లేడు, గిరాకీ లేదు. ఇరాక్ సైన్యం వచ్చీ రాగానే మంచి కారవాన్లన్నిటినీ సైనికులు లారీల వెనక తగిలించుకుని వెళ్ళిపోయారు. మిగిలింది టైర్లు పోయిన ఒక ముసలి కారవాను, దాన్ని కనిపెట్టుకుని ఉన్న రాజంపేట పెంచల్. పోయినవాటి గురించి ఏడ్చే రకం కాదు పెంచల్. ఆ డొక్కు బండికి పైకప్పుంది, గ్యాసు పొయ్యి ఉంది, లోపలే లెట్రిన్ ఉంది. ఊరంతా తుపాకులు తిరుగుతుంటే మనిషికి ఇంకేం కావాలని అతని ధీమా.

మొదట అర్దియాలో తాపీపని చేసే బాలసుబ్బయ్య, అతని భార్య తిరుపాలమ్మ వచ్చి చేరారు. తర్వాత ఒక ఉదయం మహబూబ్ బీ బట్టల మూట చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. ఊరు రాయచోటి. ఏళ్ళ తరబడి ఒకే కువైటీ ఇంట్లో వంటమనిషి. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లలతో సహా ఎండాకాలానికి బయటి దేశం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. ఇంట్లో సైనికులు దిగారు.

"రాయచోటా! మాది రాజంపేట అత్తా. రా రా, ఇది మనిల్లే అనుకో" అన్నాడు పెంచల్, మూట అందుకుంటూ.

"మీరెందుకు మోసేది, ఉండనీండి" అందామె, కొంగు తలమీదికి లాక్కుని.

తల్లి వయసు మనిషి 'మీరు' అంటే పెంచల్‌కి సిగ్గేసింది. కాస్త గర్వంగానూ ఉంది, అబద్ధమెందుకు. అతను లోపలికొస్తే ఆమె పక్కకి తిరిగి కూర్చునేది. బాలసుబ్బయ్యతో మాత్రం "ఏమబ్బీ, నీ మీసానికి నూనె దొరికిందా" అని గట్టిగా నవ్వేది.

యార్డుకి మురుగు కాలువ లేదు. కారవాను కింద రెండు ట్యాంకులు: ఒకదాంట్లోకి గిన్నెలు కడిగిన నీళ్ళు, రెండోదాంట్లోకి లెట్రిన్‌వి. ఇదివరకు పీల్చుకుపోయే లారీ వచ్చేది. ఇప్పుడా డ్రైవరు ఏ దేశంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు. అందుకని పెంచల్ యార్డు వెనక ఇసుకలో లోతుగా గొయ్యి తవ్వాడు. రెండో ట్యాంకు నిండగానే దానికి లావుపాటి గొట్టం తగిలించి, ట్యాంకు మూత పిడి ఒక్కసారిగా లాగి, అంతా గోతిలోకి వదిలేవాడు. ఆ వెంటనే గిన్నెల నీళ్ళు వదిలితే గొట్టం శుభ్రం. పైన ఇసుక కప్పితే ఈగ కూడా వాలదు. మంచినీళ్ళు మిగలాలని, గిన్నెల నీళ్ళు కొన్ని గుడ్డతో వడకట్టి, లెట్రిన్‌లో పోయడానికి బకెట్లో ఉంచేవాడు.

ఒకసారి బాలసుబ్బయ్య తెలివి ఉపయోగించి ఆ మూతని తెరిచే ఉంచాడు, ఎప్పటిదప్పుడు పోతుందని. నీళ్ళు పోయాయి, గట్టిది మాత్రం లోపల గుట్టలా పేరుకుంది. పెంచల్ దాన్ని కర్రతో పొడుస్తూ పూటంతా తిట్టాడు. తిరుపాలమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

ఆ పని చేసిన పూట పెంచల్ సబ్బరిగేలా స్నానం చేసినా మెట్టుమీదే కూర్చుని తినేవాడు. లోపల తినొద్దని ఎవరూ అనలేదు. తినమని కూడా ఎవరూ అనలేదు.

బాలసుబ్బయ్య తిరిగి తిరిగి జోర్డాను సరిహద్దుకి వెళ్ళే బస్సులో నలుగురికీ చోటు సంపాదించాడు. ఆ సంబరంలో ఉండగానే మహబూబ్ బీ పొయ్యి ముందు కూలబడింది. పెదాలు ఎండిపోయి చీలి ఉన్నాయి. తిరుపాలమ్మ గ్లాసు నోటికందిస్తే మూతి తిప్పేసుకుంది.

"ఈమె రెండు గుక్కలకి మించి తాగడంలే, పెంచలా" అంది తిరుపాలమ్మ. "తన నీళ్ళు నా చెంబులో పోస్తాంది. నేనీ పొద్దే చూసినా."

పెంచల్ పొయ్యి ఆర్పి ఆమె దగ్గరికొచ్చాడు. ఈ ఎండలో, ఈ ఒంటితో, బస్సులో ఎడారి దాటడమా? ఈమెను ఇసుకలో వదిలేసి తాము ఇళ్ళు చేరాలా?

"ఎందుకత్తా? నీళ్ళకేం కరువు?"

ఆమె గోడవైపు తిరిగింది. తిరుపాలమ్మ పక్కన కూర్చుని బతిమాలితే అప్పుడు గొణిగింది.

"తాగితే లెట్రిన్‌కి పోవల్ల. అదంతా ఎత్తిపోసేది ఆయనే కదా. అత్తా అని పిల్చిన మనిషి. మా ఇండ్లల్లో అల్లుడు ఎదురొస్తే పక్కకి తప్పుకుంటాం. అట్లాంటిది అల్లుని చేత నా దొడ్డి ఎత్తించుకోనా? యా అల్లా! అంతకన్నా పోయేది మేలు."

బాలసుబ్బయ్యకి నవ్వాగలేదు. పెంచల్‌కి మాత్రం ఏడుపొచ్చింది. ప్రేమగా పిలిచిన పిలుపే ఈమె గొంతు ఎండబెట్టింది.

"మామా పిల్లలకి నువ్వు కడగలేదా?"

"వాళ్ళు బిడ్డలు."

"నేనూ బిడ్డనే అనుకో!"

"అనుకుంటే అయిపోతాదా? వావి అట్ల మారదు."

ఇక వాదించడం పెంచల్‌కి చేతకాలేదు. "సరే. నువ్వు తాగేదాకా నేనూ తినను" అని అన్నం పళ్ళెం మెట్టుమీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. పొద్దున్నే ట్యాంకు ఖాళీ చేసినవాడు, అప్పటిదాకా ఏమీ తినలేదు. ఎండ గోడెక్కింది. "ఏందిరా ఈ ఉపాసాల పందెం" అని బాలసుబ్బయ్య విసుక్కున్నాడు. పెంచల్ కదల్లేదు. అతని కడుపు మాత్రం కారవాను లోపలికి వినబడేంత గట్టిగా అరిచింది.

మహబూబ్ బీ లేచింది. గోడ పట్టుకుని, కొంగు జారిపోతున్నా సర్దుకోకుండా మెట్టు దాకా వచ్చి, అతని పక్కనే చతికిలబడింది. పళ్ళెం ఒళ్ళోకి లాక్కుని పప్పన్నం కలిపి ముద్ద చేసింది.

"నోరు తెరువు."

"వద్దత్తా, ఈ పొద్దు నేను ఆ పని చేసినా..."

"ఏ అత్తయినా అల్లునికి ముద్ద తినిపిస్తాదా? అమ్మా అను. నోరు తెరువు!"

ఆ పని చేసిన పూట తన పక్కన కూర్చున్న మనిషిని పెంచల్ అంతవరకూ చూడలేదు. "అమ్మా" అన్నాడు. నోట్లో అన్నం, కళ్ళల్లో నీళ్ళు. మాట సగమే బయటికొచ్చింది. ఆమె ముద్దమీద ముద్ద పెట్టి పళ్ళెం ఖాళీ చేసింది. తర్వాత తిరుపాలమ్మ చేతిలోంచి చెంబు లాక్కుని గటగటా తాగింది. ఇంకో చెంబు అడిగి తాగింది. మూతి తుడుచుకుని, తల పైకెత్తుకుని లోపలికెళ్ళి లెట్రిన్ తలుపు వేసుకుంది.

ముగ్గురూ ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఒరేయ్ పెంచలా!" కారవాను రేకులు అదిరేలా లోపల్నుంచి కేక వినిపించింది. "ఈ బకెట్లో నీళ్ళు యాడికి సాల్తాయిరా? ఇంగోటి పట్రా పో!"

"వస్తాండానమ్మా!" అని పెంచల్ బకెట్టు పట్టుకుని పరిగెత్తాడు.