కొండ అక్కది, మైదానం చెల్లిది

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే అక్క కొండల మీద చెంబుతో నీళ్లు పోసేది, చెల్లి మైదానంలో తాపీతో మట్టి గుల్ల చేసేది. బడులకు దేశపటాలు చేసిచ్చే ఇల్లు అది. బల్లంత పటానికి అడుగున రెండు చెక్క ఫలకాలు. వాటి అతుక్కి మేకు కొట్టకూడదని నాన్న నియమం. ఫలకాలు ఒకదాన్నొకటి నెట్టుకోవాలి, కొండలు లేవాలి. లేచేవి కూడా. నదులు పారేవి, పీఠభూమి మీద ఎర్రమట్టి నీళ్లు పీల్చేది, ఎండాకాలం నల్లరేగడి నెర్రెలు బారేది. పటమన్నాక ఆ మాత్రం కదలదా మరి?

అక్క బాధ వేరే. ఆమె కొండలు ఏడాదికి గోరంత పెరిగేవి, ఎవరి కంటా పడేవి కావు. చెల్లి ఒండ్రుమట్టిలో మాత్రం ఇట్టే పచ్చిక మొలిచేది. వచ్చిన టీచర్లంతా అక్కడే మూగేవాళ్లు. "ఈ అమ్మాయి చేతిలో ఏదో ఉందండీ!" అని వాళ్లంటుంటే అక్కకి ఒళ్లు మండిపోయేది.

దానికి తోడు నాన్న తేల్చి చెప్పేశాడు. "నా చేతులు వణుకుతున్నాయి. షెడ్డు ఒకరికే ఇస్తా. ఈ పటంలో ఎవరి పని బాగుంటే వాళ్లకి. రెండోవాళ్లు మీ మేనత్త ఊరెళ్లి సుద్దముక్కల కొట్టు చూసుకోండి."

అప్పుడు పట్టిపట్టి చూస్తే అక్కకి తెలిసింది, చెల్లి మైదానంలో ఒండ్రంతా తన కొండలదే. నది రోజూ కోసుకెళ్లి అక్కడ పోస్తోంది.

"నా కొండ అరగదీసి నువ్వు పేరు కొట్టేస్తున్నావే!"

"నేనేమైనా తవ్వుకొచ్చానా? నీళ్లు తెచ్చిస్తే వద్దంటానా?" చెల్లి నవ్వేసింది.

ఆ నవ్వు గుచ్చుకుంది. చెల్లి భోజనానికి వెళ్లగానే అక్క కనుమలో నదికి అడ్డంగా బంకమట్టి కుక్కి, పైన రాతిరంగు పూసేసింది.

నాలుగు రోజులకి పచ్చిక ఎండిపోయింది. మైదానం పాలిపోయి పెంకులా బిగిసింది. నాన్న చూశాడు, తాళంచెవి అక్క చేతిలో పెట్టాడు. చెల్లి తన తాపీ సంచిలో వేసుకుని బస్టాండుకి వెళ్లిపోయింది.

షెడ్డంతా ఇప్పుడు తనదే. అక్క తీరిగ్గా స్కేలు పెట్టి కొండ కొలిచింది. పెరగడం మాట అటుంచి, కొండ కుంగింది! మట్టి కొట్టుకుపోక, నీళ్లు నిలిచిపోయి, ఆ బరువుకి ఫలకం ఒంగిపోయింది. చెల్లి మీద జాలితో కాదు, కొండ మీద తీపితో బంకమట్టి పీకేసింది. నది గలగలా దిగింది. బరువు దించుకున్న కూలీలా కొండ మెల్లగా నడుం ఎత్తడం అరచేతికి తెలిసింది. దిగువన మట్టి మెత్తగా మిగిలిన చోట ఇట్టే పచ్చిక మొలిచింది. కానీ బిగిసిన చోట నీళ్లు ఇంకక మడుగు కట్టి కొండ పాదాన్ని నానబెడుతున్నాయి. అక్క గోళ్లతో గీకింది. ఆ మట్టిని గుల్ల చేయడం ఆమెకి రాదు. ఏడుపొచ్చింది.

చెల్లి ఎక్కిన బస్సు కదలబోతుండగా అక్క రొప్పుతూ వచ్చి కిటికీ పట్టుకుంది.

"దిగవే. నదికి అడ్డం పెట్టింది నేనే."

చెల్లి అక్క వేళ్లకంటిన ఒండ్రు చూసింది. "ఇప్పుడు కుళ్లు పోయిందా?"

"ఎక్కడ పోయింది? ఇప్పుడు కూడా నీ పచ్చిక చూస్తే ఒళ్లు మండుతోంది. దిగు."

చెల్లి కిటికీలోంచి సంచి అక్క చేతికి అందించింది.