దక్షిణం వైపు తిరగని యాంటెన్నా

"ఇంత ఇనుము నెత్తిన బెట్టుకోని తిరిగితే పిడుగు మన మీదనే పడదా?"

నన్ను చూసి చెంగమ్మ అన్న మొదటి మాట అది. అప్పటికి ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా అడిగింది. అడక్కుండా ఉండలేదు ఆ మనిషి.

నేను ఒక యాంటెన్నాను. ఇనుమును కాదు, అల్యూమినియాన్ని. టీవీకి బొమ్మ తెచ్చిపెట్టడం నా పని. నడుమ పొడుగాటి గొట్టం, దానికి అడ్డంగా అయిదు పుల్లలు. దూరం నుంచి చూస్తే ఎవరో తిని పారేసిన చేప ముల్లులా ఉంటాను. మరలు వదులు చేస్తే గొడుగులా ముడుచుకుంటాను. నెల్లూరు బజారులో ఒక రేడియో మెకానిక్, జీపులో ఊరూరా తిరిగే కాలువల ఇంజనీరు కోసం నన్ను పనిగట్టుకుని చేశాడు. క్రికెట్టు ఉన్న రోజున ఆ ఇంజనీరుగారు కాలువను కొలిచేవాడు కాదు, నన్ను కొలిచేవాడు. ఇటు జానెడు, అటు బెత్తెడు. బదిలీ అయినప్పుడు నన్ను గెస్ట్‌హౌసు వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లాడు. వాచ్‌మన్‌కు టీవీ లేదు. రెండేళ్లు నా మీద తువ్వాళ్లు ఆరేసుకుని, చివరికి నాలుగు డజన్ల బాతుగుడ్లకు చెంగమ్మకు ఇచ్చేశాడు. ఆ బేరంలో ఎవరు మోసపోయారో నాకు ఇప్పటికీ తెలియదు.

చెంగమ్మది, ఆమె పెనిమిటి పోలయ్యది బాతులు మేపే బతుకు. కోతలైన మళ్లు ఎక్కడుంటే అక్కడికి నాలుగు వందల బాతుల్ని తోలుకుపోతారు. రాలిన గింజలు ఉన్నన్నాళ్లు ఉండి, మళ్లీ మూట కడతారు. ఇల్లంటే నాలుగు కర్రలు, ఒక టార్పాలిన్. అందులో బ్యాటరీతో నడిచే చిన్న టీవీ. దానికి మాట పోయి ఏడాదైంది, బొమ్మే మిగిలింది. కొత్త మకాం చేరగానే నన్ను వెదురుకర్రకు కట్టి నిలబెట్టేవాడు వాళ్ల కొడుకు మస్తానయ్య. పందొమ్మిదేళ్లవాడు. గాలిని వాసన చూసినట్టు ఒకసారి అటూ ఇటూ చూసి, నా మూతిని సరిగ్గా టీవీ టవరు వైపు పెట్టేవాడు.

ఆ మస్తానయ్య ఇల్లు వదిలిపోయి నెలా పదిరోజులు.

పురుగుమందు కొట్టిన మడి అని తెలియక బాతుల్ని అందులోకి దించాడు. మధ్యాహ్నానికి అరవై బాతులు కాళ్లు చాపేశాయి. పోలయ్య నలుగురిలో, బాతులు తోలే కర్రతోనే వాణ్ణి కొట్టాడు. కొట్టి కొట్టి కర్ర చెయ్యిజారింది. వాడు వంగి ఆ కర్ర తీసి తండ్రి చేతికి ఇచ్చి, గట్టు మీదుగా నడుచుకుంటూ పోయాడు. ఆ రోజు నుంచి పోలయ్య కొడుకు పేరు పలకలేదు. చెంగమ్మ ఆ పేరు ఎత్తితే లేచి బాతుల దగ్గరికి పోయేవాడు.

చెంగమ్మ మటుకు రోజుకు పదిసార్లు కొడుకును పోగొట్టుకుని, పదిసార్లు బతికించుకునేది. పొద్దున రైలు కింద పడేసేది, మధ్యాహ్నానికి ఎవరో ఇంత అన్నం పెట్టి ఉంటార్లే అనుకునేది, పొద్దుగూకేసరికి మళ్లీ బావిలోకి తోసేది. ఆగలేక ఒకరోజు ఒక్కతే పోలీసు స్టేషనుకు పోయింది. సాయంత్రం వార్తలయ్యాక తప్పిపోయినవాళ్ల ఫొటోలు చూపిస్తారే, వాటిలో వేయిస్తాం అన్నారు వాళ్లు. ఈ వారంలో ఏదో ఒకరోజు, ఒక్కసారే.

ఆమె దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఫొటో. చుట్టాల పెళ్లిలో ఏడుగురు పిల్లకాయలు వరసగా నిలబడింది. "ఎడంపక్క నించి మూడోవాడు సార్" అని చెప్పి ఇచ్చి వచ్చింది. వచ్చాక దిగులు పట్టుకుంది.

"చూసేవాళ్ల ఎడం చెయ్యా, ఫొటోలో నిలబడ్డోళ్ల ఎడం చెయ్యా, నేను చెప్పలా. ఆ సారు అట్నించి లెక్కబెట్టుంటే? అట్నించి మూడోవాడు మా అక్క కొడుకు. వాడు ఇంట్లో సుబ్బరంగా అన్నం తింటన్నాడు. ఊరూరా వాణ్ణి ఎతుకుతారు, నా బిడ్డ ఎదురుంగా పోతన్నా ఒకరూ పట్టించుకోరు."

పోలయ్య బాతుల దొడ్డికి కట్టే వల కుట్టుకుంటూ వీపు తిప్పుకున్నాడు.

అందుకే ఆమెకు బొమ్మ కావాలి. పడిన ఫొటో కొడుకుదో కాదో కంటితో చూసుకోవాలి. తప్పుగా పడితే మర్నాడే పోయి వాళ్ల కాళ్లు పట్టుకోవాలి.

సోమవారం నన్ను కర్రకు తానే కట్టింది. తూర్పు మంచి దిక్కని అటు తిప్పింది. తెర మీద బొమ్మకు బదులు తెల్లటి చుక్కలు అటుకుల్లా ఎగిరాయి. కర్ర దగ్గరికి పరుగు, తెర దగ్గరికి పరుగు. ఆమె అక్కడికి చేరేలోపు ఇక్కడ ఉన్న కాస్తా చెదిరేది. మంగళవారం నా వైరు కొసల్ని చింతపండు పెట్టి తోమింది. ఆ తోమడానికి నేను మెరిశాను, బొమ్మ మెరవలేదు. బుధవారం ఉత్తరానికి తిప్పి, నా వెనక అన్నం తినే పళ్లెం కట్టింది. వార్తలు చదివే ఆయనకు మూడు తలకాయలు వచ్చాయి. తర్వాత ఎవరివో మొహాలు ఒకదాని మీద ఒకటి పడి కదిలాయి.

"ఇప్పుడు పోయినోడు మనోడేనా?" అంది. ఎవరిని అడిగిందో ఆమెకే తెలియదు.

నాకు తెలుసు, ఈ మకాంలో టవరు దక్షిణాన ఉందని. ఒక వెచ్చదనం తగిలినట్టు అటు నుంచే నాకు తగులుతూ ఉంది. చెప్పే నోరు లేదు. గాలి వీచినప్పుడల్లా ఆసరా చేసుకుని కాస్త అటు జరిగేదాన్ని. ఆమె చూసి, మళ్లీ వెనక్కి తిప్పి, కర్ర మొదట్లో రాళ్లు బిగించేది.

గురువారం కాలువ తూములు చూసుకునే ఖాజా సైకిలు ఆపాడు. "టవరు అటుంది చెంగమ్మా. దక్షిణానికి తిప్పు, అద్దంలా కనపడద్ది."

"దక్షిణం యముడి దిక్కు ఖాజన్నా. ఆచూకీ లేని బిడ్డని ఆ దిక్కు నించి పిలుచుకోమంటావా?"

"ఫొటో వచ్చేది టవరు నించి. యముడికి టవరు యాడిది?"

"నీకేం అన్నా. నీ బిడ్డలు ముగ్గురూ ఇంట్లోనే ఉండారు."

ఖాజా సైకిలెక్కి పోయాడు.

శుక్రవారం పడమర. ఏమీ లేదు.

శనివారం వచ్చింది. వారానికి ఆఖరిరోజు. బాతులు దొడ్డి చేరాయి. తెర మీద అటుకుల మధ్య వార్తలాయన నీడ కాగితాలు సర్దుకుంటోంది. చెంగమ్మ నా కర్ర పట్టుకుని నిలబడిపోయింది. దక్షిణం వైపు తాటితోపు, దాని పైన ఖాళీ ఆకాశం. అటు తిరిగి దండం పెట్టుకుంది. "నా బిడ్డ జోలికి రాబాక సామీ" అని, కళ్లు మూసుకుని నన్ను తిప్పింది.

బొమ్మ వచ్చింది. ఆమె చెయ్యి తీసింది. బొమ్మ పోయింది. మళ్లీ పట్టుకుంది. వచ్చింది. ఆ ఒంట్లో ఏముందో నాకు తెలియదు, ఆమె నన్ను పట్టుకుని ఉంటేనే నాకు చేతనవుతోంది. కానీ కర్ర దగ్గర నిలబడితే ఆమెకు కనిపించేది టీవీ వెనక రేకే. తెర ముందు ఉన్నది పోలయ్య ఒక్కడు. తెరకు వీపు పెట్టి వల కుడుతున్నాడు.

"ఏమయ్యా," అంది. "ఒకతూరి ఇటు తిరుగు. ఫొటోలు పడతన్నయ్యి. నేను చెయ్యి తీస్తే పోతాయి."

పోలయ్య దారం పళ్లతో తుంచి, సూదికి ఇంకో పోగు ఎక్కించాడు.

"వాడి మీద కోపం వాడొచ్చినాక పడుదువు. ఇప్పుడు మనోడా, మా అక్క కొడుకా, అదొక్కటి చూసి చెప్పు."

సూది వలలోకి దిగింది, బయటికి వచ్చింది.

నాలోంచి మొహాలు పోతున్నాయి. ఎవరివో నాకు తెలియదు. నేను మోసేదాన్నే, మొహాలు పోల్చేదాన్ని కాదు. ఆమె చెమట చెయ్యి నా మీద జారుతోంది. పట్టు తప్పుతుందేమో, ఉన్న బొమ్మ కూడా చెదురుతుందేమో అని నా భయం.

"నీకు దండం పెట్టేదానికి కూడా చెయ్యి ఖాళీ లేదయ్యా," అంది.

ఆ తర్వాత ఆమె కూడా అడగడం మానేసింది. బాతులు ఒకదాన్నొకటి తోసుకుని, సర్దుకుని, అణిగాయి. ఒక మొహం పోయినట్టుంది. ఇంకొకటి. తెర వెలుగు అప్పటిదాకా పోలయ్య వీపు మీద పడుతోంది. ఎప్పుడు మారిందో, అది అతని మొహం మీద ఉంది. సూది ఆగిపోయింది.

పోలయ్య వల పక్కన పెట్టి తెర దగ్గరికి జరిగాడు.

"మనోడే మే," అన్నాడు. "మస్తానయ్యే. చెయ్యి తియ్యబాక."