తూము కాడి ఫౌజు

దేవిదాస్ పద్దెనిమిదేళ్లు ఫౌజులో చేసి, సరిహద్దు మంచులో కాళ్లు పాడుచేసుకుని, ఒక్క తూటా కూడా పేల్చకుండా ఊరికి తిరిగొచ్చాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు అతని ఛాతీ ఉబ్బేది.

"మా చేతుల తుపాకులు జూసే అవతలోడు గమ్మున కూసున్నడు. బలముంటే లడాయే రాదు," అనేవాడు. ఊరి అభివృద్ధి కమిటీకి ఆ మాట భలేగా నచ్చింది.

నిజామాబాద్ జిల్లాలో, వర్ని వైపు కాలువకు పైన వీళ్ల ఊరు, కింద అతని కూతురు సుష్మను ఇచ్చిన ఊరు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరుకు వేసేవాళ్లంతా వరిలోకి దిగాక నీళ్లు చాలడం లేదు. తూము దగ్గర రెండు ఊళ్లవాళ్లూ ఏటా నోళ్లు పారేసుకునేవారు, అరిచి అలిసిపోయి వంతులు వేసుకుని ఇళ్లకు పోయేవారు. ఆ భాగ్యం చాలలేదు కమిటీకి. ఇంటింటికీ చందా వేసి, తూము కాపలాకు మనుషులను జీతానికి పెట్టింది. ఇనుప పొన్నుల కర్రలు, విజిళ్లు, ఒకటే రంగు టోపీలు. వాళ్లకు తర్ఫీదు ఇచ్చింది దేవిదాసే.

సుష్మ ఫోన్ చేసింది. "బాపు, మీ అల్లుడు రోజు గా తూము కాడికే వోతడు. ఏమన్న అయితదేమోనని బుగులైతుంది."

"ఏం గాదు బిడ్డా. గింతమంది నిలవడితే ఎవ్వడు చెయ్యెత్తడు. శివకుమార్ పానానికి నాది పూచీ," అన్నాడు. నిజంగా నమ్మే అన్నాడు, పాపం.

కింది ఊరు ఊరుకుంటుందా? వాళ్లూ చందాలు వేసి ఇంకా ఎక్కువ మందిని పెట్టారు. పై ఊరివాళ్లు మళ్లీ కొందరిని చేర్చారు. బడిలో పిల్లలు నేల మీదే కూర్చున్నారు గానీ కర్రలకు మాత్రం కొత్త పొన్నులు వచ్చాయి. అయినా దేవిదాస్ మాటే నెగ్గింది. ఆ యాసంగిలో చెయ్యి లేవడం అటుంచి, తిట్టు కూడా వినపడలేదు. అతను మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. గొడవే లేకపోయేసరికి చందా కట్టేవాళ్లకు కడుపు మండింది. కమిటీ పెద్ద పరమేశ్వర్‌ను నిలదీశారు. అతను ఆ కోపాన్ని తెచ్చి దేవిదాస్ మీద కుమ్మరించాడు.

"గీళ్లు సెట్టు కింద పత్తాలాడి జీతాలు తీస్కుంటున్నరు. జనం ఊకుంటరా? ఏదన్న జేసి సూపెట్టాలె గదా!"

"ఏం గాకుంట సూసుడే వాళ్ల పని, పరమేశ్వరన్నా."

"గా ముచ్చట నువ్వే జెప్పు జనానికి."

దేవిదాస్ చెప్పాడు. జనం నవ్వారు. ఆ వారంలోనే, కింది ఊరి వంతు ఉన్న రోజున, తూము మూసేయమని పరమేశ్వర్ కాపలావాళ్లను పంపాడు. దేవిదాస్‌కు మాటమాత్రమైనా చెప్పలేదు. మూసిన పలకను ఎత్తడానికి అందరికంటే ముందు దిగినవాడు శివకుమార్. మోకాళ్ల మీద కొడితే మనిషి పడతాడు, చావడు అని దేవిదాస్ నేర్పిన దెబ్బే అల్లుడి మీద పడింది. ఒక్కడూ ఆగలేదు. పడినవాణ్ని పట్టుకుని నలుగురూ కొట్టారు. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో శివకుమార్ కాలు తీసేశారు.

తండ్రిని చూసి సుష్మ ఏడవలేదు. "పూచీ అంటివి గదా బాపు. ఇగ ఆయన కాలు నువ్వే తెచ్చిస్తవా?"

దేవిదాస్ సిగ్గుతో చచ్చిపోయాడు. బయటకు వస్తుంటే శివకుమార్ తమ్ముడు సాయిరాం దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మామా, మీ వాళ్లకు జెప్పు. మేం వస్తం."

ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది. ఒక్క ముఖంలోనైనా బాధ లేదు.

"సూసిన్రా? గీ కాపలా లేకుంటే ఇయ్యాల మన గతేందుండె!" అన్నాడు పరమేశ్వర్. "రేపు వాళ్లు వస్తరు. మందిని డబుల్ జెయ్యాలె. ఒప్పుకునేటోళ్లు చెయ్యెత్తుండ్రి."

ఈ కాపలానే కదరా లడాయి తెచ్చింది అనే మాట దేవిదాస్ నోటిదాకా వచ్చింది. కానీ ఊరి చివర, కింది ఊరి దారిలో మొదటి ఇల్లు అతనిదే. ఇంట్లో భార్య ఒక్కతే ఉంది. నిన్నటిదాకా వస్తారని తాము ఊహించుకున్న కింది ఊరివాళ్లు ఇప్పుడు నిజంగానే వస్తారు. వాళ్లు రాకుండా ఆపడానికి ఈ కర్రలు తప్ప ఊరి దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

చేతులన్నీ లేచాయి. దేవిదాస్ కూడా ఎత్తాడు. వచ్చేవాళ్లలో సాయిరాం ముందుంటాడని తెలిసే ఎత్తాడు.