గేటు దగ్గరి రిజిస్టరు

"నిన్నటి ఒప్పందం చర్చల్లోంచి యూనియనే లేచి వెళ్లిపోయింది" అని కుట్టుమిషన్ల హాల్లో, యాజమాన్యం తరఫున చర్చలకు కూర్చున్న మేనేజరు నోటీసు అంటించాడు. పచ్చి అబద్ధం! అయినా యూనియన్ కార్యదర్శికి తలెత్తుకోలేని పరిస్థితి వచ్చింది. పక్క మిషను మీద కుట్టే సొంత ఆడపడుచే మొహం తిప్పేసుకుంది.

కార్యదర్శి తిన్నగా వాచ్‌మన్ దగ్గరికి వెళ్లింది. సంతకం పెట్టనిదే ఎంతటివాణ్ణీ గేటు దాటనివ్వని మొండిఘటం అతను. నిన్నటి పేజీ తీశాడు.

"ఇదిగోనమ్మా, మేనేజరుగారు పదకొండింటికే ఉడాయించారు. మీరు వెళ్లింది అయిదింటికి."

ఆ పేజీ హాలంతా చూసింది.

"నాలుగు తిట్టు వదినా, పడతాను" అంది ఆడపడుచు. కార్యదర్శికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం మేనేజరు నోటీసు పీకి, జేబులో కుక్కుకుని గేటు దాటబోయాడు. వాచ్‌మన్ రిజిస్టరు ముందుకు తోశాడు.

"కంపెనీ కాగితం బయటికి పోతోంది కద్సార్. అదేంటో కూడా రాసి, సంతకం పెట్టండి."