చిన్నికి తలనొప్పి

వేరుశెనగ పప్పులు మాడకుండా వేయించడం ఒక ఎత్తు. ముందుగదిలో సీసా మూత తిప్పిన చప్పుడు వినబడేలోగా వేయించి ప్లేటులో పెట్టడం ఇంకో ఎత్తు. పెళ్ళయిన నాటినుంచీ ఆదివారం మధ్యాహ్నం చిన్నికి ఇదే పని. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరనుకోండి. ఇంట్లో "ఏమోయ్", చొక్కాలు కుట్టే కంపెనీలో "కాలర్ల మిషనావిడ". అయినా లోలోపల తనని తాను చిన్నీ అనే పిలుచుకుంటుంది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

పప్పులు వేగుతుండగానే కణత దగ్గర పోటు మొదలైంది. చిన్నికి తలనొప్పి కొత్తేం కాదు, చిన్ననాటి చుట్టం. కానీ అప్పట్లో ఆ చుట్టానికి ఎంత మర్యాద జరిగేదని! నాన్న ముందుగదిలో టైపు నేర్పేవాడు. వరసగా మిషన్లు, వాటి ముందు కాలేజీ పిల్లలు, పొద్దస్తమానం టకటకలే. చిన్ని బడినుంచి తల పట్టుకుని వచ్చిందంటే చాలు, నాన్న లేచి నిలబడేవాడు. "ఆపండర్రా! మా చిన్నికి తలనొప్పి. రేపు రండి." అంతే, ఇల్లంతా సద్దుమణిగిపోయేది. అక్క కిటికీలు మూసి, నుదుటిమీద తడిగుడ్డ వేసి, "కళ్ళు తెరిచావో, చంపేస్తా" అని బెదిరిస్తూ పక్కనే కూర్చునేది. నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. ఇల్లు ఇల్లంతా తనకోసం ఊపిరి బిగబట్టి ఉందన్న ధీమాతో చిన్ని నిద్రపోయేది. ఎంత హాయి! ఆ హాయి కోసం ఒకటి రెండుసార్లు దొంగ తలనొప్పి కూడా తెచ్చుకుంది. అక్క కనిపెట్టింది గానీ ఎవరికీ చెప్పలేదు, మహాతల్లి.

పెళ్ళయ్యాక మొదటిసారి తల పగిలిపోతుంటే ఆ అలవాటుకొద్దీ వెళ్ళి పడుకుంది, పిచ్చిది. అత్తగారు గుమ్మంలో నిలబడి, "పట్టపగలు పడకేంటమ్మా? ఒంట్లో బాలేదా, ఇల్లు నచ్చలేదా?" అంది. మొగుడు జేబులోంచి మాత్ర తీసి చేతిలో పెట్టాడు. "వేసుకో, క్షణంలో లేచి తిరుగుతావు." నిజమే, తిరిగింది. అప్పటినుంచీ తిరుగుతూనే ఉంది. కంపెనీలో సూపర్‌వైజరమ్మ సొరుగు నిండా అవే మాత్రలు. నడుం నొప్పన్నా, కడుపు నొప్పన్నా, కళ్ళు తిరుగుతున్నాయన్నా ఒకటే మంత్రం. "మింగు, మిషను ఆపకు." పొద్దున వంటింట్లో ఒకటి, కంపెనీలో ఒకటో రెండో, సాయంత్రం ఆయన గ్లాసులు కడిగేటప్పుడు ఇంకోటి. ఎవరు చూడొచ్చారు? ఇంట్లో అందరి బెంగా ఆయన లివరు గురించే.

అవును మరి, తాగేది ఆయన. కడుపులో బరువుగా ఉందంటే మొన్నామధ్య చిన్నే బతిమాలి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఆయన పొట్ట నొక్కి చూసింది. "లివరు వాచింది. ఇప్పుడు మానేస్తే కోలుకుంటుంది. మానకపోతే గట్టిపడిపోతుంది. అప్పుడు నా దగ్గరికొచ్చి లాభం లేదు" అని మొహమాటం లేకుండా చెప్పింది. చెబుతూ చెబుతూ చిన్ని వైపు చూసి ఆగిపోయింది.

"మీరిలా వెలుతురులోకి రండి. కళ్ళు ఎన్నాళ్ళనుంచి పచ్చగా ఉన్నాయి?"

ఇద్దరికీ రక్తపరీక్ష చేస్తే ఎక్కువ చెడింది చిన్ని లివరే.

"మీరేం తాగుతారు?"

"టీ అండీ."

"మరి మాత్రలు?"

చిన్ని చెప్పుకుపోతుంటే డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "ఎప్పుడో ఒకటైతే ఏం కాదు. రోజూ ఇన్నిన్నా? ఆయన పోసుకునేదైనా, మీరు మింగేదైనా, విరగ్గొట్టి బయటికి తోసే చాకిరీ లివరుదేనమ్మా. అది నోరెత్తదు. ఎత్తేనాటికి చాలావరకు పోయుంటుంది. నన్నడక్కుండా ఇక ఒక్క మాత్ర ముట్టుకున్నా ప్రాణం మీదికొస్తుంది. నొప్పొస్తే పడుకోండి."

పడుకోవాలట! చిన్నికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. బస్సులో పక్కనే కూర్చుని మొగుడు ఫోనులో స్నేహితుడికి చెబుతున్నాడు. "తాగేది నేను, లివరు పోయింది మా ఆవిడకి! అర్ధాంగి అంటే ఇదేరా!" అవతలివాడు పగలబడి నవ్వడం చిన్నికీ వినబడింది. ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజునుంచీ పుట్టింటి మధ్యాహ్నాలే కళ్ళముందు మెదులుతున్నాయి. ఎన్నిసార్లు తలుచుకుని మురిసిపోయిందో వాటిని! కానీ ఇన్నేళ్ళూ తట్టని ప్రశ్న ఇప్పుడు తట్టింది. ఆ ఇంట్లో అమ్మ ఎక్కడుంది? ఇంకెక్కడ, వంటింట్లో. గిన్నె చప్పుడు కాకుండా పని చేసుకుంటోంది. అమ్మకి మాత్రం తలనొప్పి రాలేదా? రాకేం, తలకి గుడ్డ బిగించి కట్టుకుని బట్టలుతికేది. అమ్మకోసం ఆ మిషన్లు ఒక్కపూట ఆగిన గుర్తు లేదు. నాన్న మంచివాడే, ఆయనంటే చిన్నికి ఇప్పటికీ ప్రాణమే. ఆయనకి తోచలేదు, అమ్మ అడగలేదు. అడగొచ్చని అమ్మకి ఎవరూ చెప్పలేదు కూడా.

పోటు కణతనుంచి కంట్లోకి దిగింది. ముందుగదిలో మొగుడూ, ఇద్దరు స్నేహితులూ. మానేయడం అనేది ఆయన రోజూ రేపటికి జరుపుతూనే ఉన్నాడు. చిన్ని గుమ్మంలోకి వచ్చి, "నాకు తలనొప్పిగా ఉంది" అంది.

"సగం మాత్ర వేసుకో, సగానికేం కాదులే" అన్నాడాయన తల తిప్పకుండానే. "ఐసు ఉందా?"

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి ఆమె చెయ్యి దానంతటదే మాత్రలుండే అలమారా తలుపు మీదికి వెళ్ళింది. తీసి చూసింది. మాత్రల అట్టలన్నీ దోసిలితో ఎత్తి చెత్తబుట్టలో పడేసింది. పొయ్యి ఆపింది. గదిలోకి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని మంచంమీద వాలింది.

కాసేపటికి తలుపు దబదబా మోగింది. "ఏమోయ్! ఇంటికి మనుషులొస్తే ఇదేం పద్ధతి? ఎంతసేపు పడుకుంటావు?"

చిన్ని కళ్ళు తెరవలేదు.

"తగ్గేదాకా" అంది.