ఇత్తడి పళ్ళెంలో పేరు

కౌసల్య వెళ్ళిపోయిన నాటికి నా చేతిలో ఉన్నది కృష్ణానగర్‌లో ఒక రేకుల షెడ్డు, అందులో షూటింగులకు అద్దెకిచ్చే సోఫాలు, ఉయ్యాల, ఇత్తడి సామాను. గుళ్ళో దండలు మార్చుకున్నామే గాని పెళ్ళి ఎక్కడా నమోదు చేయించలేదు. విడిపోవడానికీ కాగితం అక్కర్లేకపోయింది. కడుపుతో ఉన్నానని తను చెప్పలేదు.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, యూసుఫ్‌గూడ బజార్లో తల్లీకూతుళ్ళు నాకు ఎదురుపడ్డారు. కౌసల్య సినిమాల్లో డబ్బింగ్ చెప్పడం మానేసి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రిసెప్షన్‌లో చేరిందట. పిల్లకి ఆరేళ్ళుంటాయి. పేరు శ్రీనిధి. ఎడమ కనుబొమ్మలో చిన్న చీలిక, అచ్చం మా అమ్మకున్నట్టు.

"నా కూతురేనా?"

"కాదు."

"మరెవరి కూతురు?"

"నా కూతురు."

బేరంలో మొదటి మాటే ఎవరూ నిజం చెప్పరు. కోర్టుకు వెళ్ళాను. నాక్కావలసింది ఒక్కటే, బడిలో తండ్రి పేరు అన్న చోట నా పేరు. పరీక్షకి ముగ్గురి నెత్తురూ తీశారు. పిల్ల ఏడవలేదు. దూది తనే పట్టుకుంటానంది.

నా కూతురేనని తేలింది.

కోర్టు మెట్ల మీద కౌసల్యతో అన్నాను. "బారసాల చేద్దాం. నా చేత్తో పేరు రాస్తాను."

"అయిపోయింది. రాసింది నువ్వే."

నాకేం అర్థం కాలేదు.

"జూబ్లీహిల్స్ బంగళాలో బారసాల సీను. మర్చిపోయావా?"

గుర్తొచ్చింది. ఉయ్యాలా పళ్ళెమూ నా షెడ్డువే. హీరో వెళ్ళిపోయాక, బియ్యంలో ఉంగరంతో పేరు రాసే చెయ్యి దగ్గరగా తియ్యాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఎవరి చెయ్యి దొరికితే ఆ చెయ్యి పెట్టేస్తారు. ఆ రోజు నాది దొరికింది. డైరెక్టర్ చెప్పిన పేరు, శ్రీనిధి అని రాశాను. పక్కనే ఒక పసికాలు ఆడుతూ ఉంది. పిల్లల్ని షూటింగులకు కుదిర్చే శేషారత్నం ఎవరి పిల్లని తెచ్చిందో నేను అడగలేదు.

"పంతులు నిజం పంతులే, మంత్రాలూ నిజమే. అందుకే ఆ పేరే ఉంచాను" అంది కౌసల్య. "లైట్ల వెనకాల నిలబడ్డాను. నువ్వు ఒక్కసారి పిల్ల మొహం చూస్తే, నీ కూతురేనని వచ్చి చెప్దామనుకున్నాను. నువ్వు బియ్యం దులిపి, గీతలు పడ్డాయేమోనని పళ్ళెం వెలుతుర్లో పెట్టి చూసుకున్నావు."

చూసుకునే ఉంటాను. సామాను వెనక్కి తీసుకునేటప్పుడు అందరం చూసుకుంటాం.

"అమ్మా, ఈ అంకుల్ కూడా మన ఆటోలో వస్తారా?" అంది పిల్ల.

"రారు."

ఇప్పుడు లెక్క చూసుకుంటే, బడిలో నా పేరుంది. పిల్ల ఇంకా అంకుల్ అనే పిలుస్తుంది. మొన్న ఆ పళ్ళెం తీసి మళ్ళీ వెలుతుర్లో పెట్టి చూశాను. దాని మీద ఒక్క గీతా లేదు.